మూడోసారి వాసన చూడను

పదహారేళ్లు నేను ముక్కుతో ఉద్యోగం చేశాను. వేళాకోళానికి అంటున్న మాట కాదు. విశాఖపట్నం రేవు పక్కన, రొయ్యల్ని గడ్డకట్టించి విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీలో 1972 నుంచి 1988 దాకా సరుకు బాగుందో లేదో వాసన చూసి చెప్పడం నా పని. ఫ్యాక్టరీ పేరు రాయను. అది ఇప్పుడు లేదు. ఉన్నా రాయను.

ఈ పనిలో చేరబోయే ఆడపిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి ఏ పుస్తకం చదవాలి, ఏ యంత్రం నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. పుస్తకాలూ యంత్రాలూ మీకు కాలేజీలో చెబుతారు. ప్రమోషన్ల దారి మీరే కనుక్కుంటారు. నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. ఈ పనిలో పరికరం మీరే. త్రాసు తప్పు చూపిస్తే పక్కవాడు కూడా కనిపెడతాడు. మీ ముక్కు తప్పు చెబితే అది మీకు తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి మీ సంగతి ముందు మీకు తెలియాలి. తెలిశాక దాని మీద నిలబడాలి. రెండోది చాలా కష్టం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మోచేతి మడత

నన్ను పనిలోకి తీసుకున్నది రహీం సాహెబ్ గారు. వాళ్లది వన్‌టౌన్‌లో తరతరాల అత్తరు వ్యాపారం. కొట్టు అన్నగారికి వదిలేసి ఈయన కెమిస్ట్రీ చదివి మా పరీక్ష గదికి పెద్ద అయ్యారు. అత్తరు ఇంట్లో పుట్టిన మనిషి ఒంటి మీద ఎప్పుడూ ఏ వాసనా ఉండేది కాదు. రంజాన్ పండక్కి మాత్రం పూసుకునేవారు. పూసుకున్నాక అది పూర్తిగా పోయేదాకా పరీక్ష గది గడప తొక్కేవారు కాదు. ఆఫీసు గదిలో కూచుని కాగితాలు చూసుకునేవారు.

నా మొదటి రోజు ఆయన నా ముందు ఆరు పళ్లాల్లో రొయ్యలు పెట్టించి, ఒక్కొక్కటీ ఎలా ఉందో రాయమన్నారు. మొదటి మూడింటికీ ‘బాగుంది’ అని రాశాను. నాలుగో పళ్లెం దగ్గరికి వచ్చేసరికి నాకేమీ తెలియలేదు. ముక్కు ఉన్నట్టే లేదు. ఐదు, ఆరు కూడా అంతే. ‘తెలియడం లేదు’ అని మూడుసార్లు రాసి కాగితం ఇచ్చాను. ఉద్యోగం రాదనుకుని చేతిసంచీ కూడా తీసుకున్నాను.

ఆయన కాగితం చూసి నవ్వారు. “నీకన్నా ముందు ఇద్దరొచ్చారమ్మా. ఆరు పళ్లాలకీ ఆరు రకాల వాసనలు రాశారు. ఆరూ ఒకే పెట్టెలోవి.”

నా ముక్కు గొప్పదని ఆయన అనలేదు. అది ఎక్కడ ఆగిపోతుందో నేను చెప్పగలిగాను, అంతే. పనికి అది చాలన్నారు.

తర్వాత ఆయన నేర్పిన మొదటి విషయం మోచేతి మడత. ఒక పళ్లెం చూసి ఇంకో పళ్లెం చూసేలోపు, మన మోచేతి లోపలి మడతలో ముక్కు పెట్టి రెండుసార్లు ఊపిరి పీల్చాలి. వాళ్ల నాన్నగారు అత్తరు కొట్టులో చేసే పని అది. “నీ ఒంటి వాసన ఎప్పుడూ నీతోనే ఉంటుంది కాబట్టి నీకు తెలియదు. అదే నీ సున్నా. ప్రతిసారీ సున్నా దగ్గరికి పోయి, అక్కణ్ణించి మొదలుపెట్టు” అన్నారు. వినడానికి సులువుగా ఉంటుంది. మోచేతికి సబ్బు వాసన ఉంటే సున్నా ఉండదు. పౌడరు ఉంటే ఉండదు. పనికి వెళ్లే ముందు కాఫీ, ఉల్లిపాయ వద్దు. గదిలో గోరువెచ్చటి నీళ్లు, గుప్పెడు మరమరాలు. ఇవన్నీ పాటించాను. పాటించానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆయన పెట్టిన నియమాలు ఇంకో రెండు ఉన్నాయి. ముగ్గురం కలిసి సరుకు చూసినప్పుడు, ఒకరికొకరు వీపు తిప్పి ఎవరిది వాళ్లు రాసుకోవాలి. రాశాకే నోరు విప్పాలి. రెండోది, నెలకోసారి మమ్మల్ని మేమే పరీక్షించుకోవాలి. గుర్తులు దాచిన గిన్నెల్లో పలచగా, ఇంకా పలచగా వాసన కలిపి పెట్టేవారు. ఎవరు ఎక్కడిదాకా కనిపెట్టగలరో చూసేవాళ్లం. లెక్కలంటే నాకు చిన్నప్పట్నించీ ఇష్టం కాబట్టి నా సంగతి వివరంగా రాసి పెట్టుకున్నాను. కుళ్లు వాసన అయితే మోచేయి సాయంతో ఆరు పళ్లాల దాకా నమ్మొచ్చు. బురద వాసన అయితే నాలుగు. కిరోసిన్, డీజిల్ లాంటి నూనె వాసనలైతే పూటకి రెండు విడతలు, అంటే పళ్లాలు పక్కపక్కన పెట్టి రెండుసార్లు పోల్చడం. మూడో విడతలో నేను చెప్పేది, కళ్లు మూసుకుని వేలు పెట్టినదానికన్నా మెరుగ్గా లేదు. నూనె ముక్కులో అతుక్కుపోతుంది. ఇంకొకరికి మూడు కావచ్చు, ఐదు కావచ్చు. నాకు రెండు.

ఈ ‘నాకు రెండు’ అన్న మాటే తర్వాత నా మీదికి వచ్చింది.

పూల గొడవ

అప్పట్లో మేం ద్వారకా నగర్‌లో అద్దె వాటాలో ఉండేవాళ్లం. మా అత్తగారు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేవారు. వాళ్లది వ్యవసాయం. పొలంలో మగవాళ్లతో సమానంగా చేసిన మనిషి కాబట్టి కోడలు ఉద్యోగానికి వెళ్లడం ఆవిడకి తప్పుగా తోచలేదు. పూలు పెట్టుకోకుండా వెళ్లడమే మింగుడు పడలేదు.

మల్లెపూల వాసన జడలో ఉంటే పరీక్ష గదిలో నేను పనికిరాను. ముందు రాత్రి పెట్టుకున్నా మర్నాడు జుట్టులో ఉంటుంది. కాబట్టి వారంలో ఒక్క శనివారం సాయంత్రం పెట్టుకుని, ఆదివారం తలంటుకునేదాన్ని. మిగతా రోజుల్లో బోడి జడ.

“మావోడు గుండ్రాయిలాగున్నాడు గదే” అన్నారు ఆవిడ ఒక పొద్దున, నేను చెప్పులేసుకుంటుంటే. “ఈదిలోవాళ్లు అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?”

“ఫ్యాక్టరీలో పూలు పెట్టుకోకూడదని చెప్పండి అత్తయ్యగారూ.”

“ఆడదాని పూల జోలికొచ్చే పేక్టరీ కూడా ఉంటాదేటి?”

ఆ ఏడు శ్రావణ శుక్రవారం నాడు ఆవిడ తెలివిగా ఒక ఉపాయం చేశారు. నేను బయల్దేరే వేళకి కనకాంబరాల దండ తెచ్చారు. కనకాంబరాలకి వాసన ఉండదు. మధ్యలో మరువం కూడా వేయకుండా కట్టారు. గెలిచిన మొహంతో నా చేతిలో పెట్టారు. నేను మోచేతి మడత వాసన చూసుకుని, దండ వాసన చూశాను.

“మల్లెపూల బుట్టలో పెట్టారు కదూ?” అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూశారు. “పోలీసు కుక్క నయం” అని దండ లాక్కుని లోపలికి వెళ్లిపోయారు.

తర్వాతి శుక్రవారం కనకాంబరాలు కొత్త విస్తరాకులో వచ్చాయి. వాసన చూశాను, ఏమీ లేదు. పెట్టుకుని వెళ్లాను. అప్పట్నించీ పండగలకి అదే పద్ధతి.

ఇది ఇంటి గొడవే కానీ, ఉద్యోగపు సంగతుల్లో కావాలనే కలుపుతున్నాను. మీ నమ్మకం మీద మొదట చెయ్యి వేసేది పై అధికారి కాదు. మీ మంచి కోరే మనుషులు, చాలా చిన్న విషయంలో వేస్తారు. ఒక్క రోజు పూలు పెట్టుకుంటే ఏమవుతుంది అంటారు. ఏమీ కాకపోవచ్చు. నేను ఒప్పుకోలేదు. ఆవిడ మీద కోపంతో ఒప్పుకోకపోవడం కాదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆవిడా నేనూ ఒకే గిన్నెలో వండుకుని తిన్నాం.

ముందు మాట్లాడే మేనేజరు

1979లో రహీం సాహెబ్ గారు రిటైరయ్యారు. ప్రసాదరావు గారు మేనేజరుగా వచ్చారు. ఆయన్ని చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. రొయ్యలు వలిచే షెడ్డులో ఆడవాళ్లు అంతవరకూ నేల మీద నీళ్లలో కూచునేవారు. ఈయన బల్లలు వేయించి, చేతులకి తొడుగులు ఇప్పించారు. కొత్త యంత్రాలు తెప్పించారు. పొద్దున అందరికంటే ముందొచ్చేవారు.

ఆయన లోపం ఒకటే. పరీక్ష గదిలో ఆయన ముందు మాట్లాడేవారు. మూడో కుర్చీలో కూచుని, మూత తీయగానే “బాగుంది కదా?” అనేవారు. ఆ మాట విన్న తర్వాత ఎవరి ముక్కైనా సగం పనే చేస్తుంది. రెండో కుర్చీలో సత్యం ఉండేవాడు. చురుకైన పిల్లవాడు, ముక్కు కూడా మంచిదే. కానీ వీపు తిప్పి రాసుకునే పద్ధతి పోయాక, ఏడాదిలోపే వాడి ముక్కు ప్రసాదరావు గారి ముక్కయిపోయింది. దాంట్లో వాడి తప్పు ఎంతో, ఆయన తప్పు ఎంతో నేను తేల్చలేను. నేను మాత్రం వీపు తిప్పుకుని నాది నేను రాసుకున్న తర్వాతే తిరిగేదాన్ని. “సుభద్రగారికి మన మొహాలు నచ్చవు” అని ఆయన నవ్వేవారు. నవ్వనిచ్చాను.

మూత తీసినప్పుడు

1981 వేసవిలో ఒక పొద్దున, రొయ్యలు పట్టే ట్రాలర్ నుంచి పెద్ద సరుకు దిగింది. రొయ్యలు చూడ్డానికి ఎంత బాగున్నాయంటే, షెడ్డులో ఆడవాళ్లే మెచ్చుకున్నారు. రంగు బాగుంది, పైన పెంకు గట్టిగా ఉంది. ల్యాబ్ పరీక్షలన్నీ నెగ్గాయి. ఆ సాయంత్రమే ఓడలోకి ఎక్కాలి. పచ్చి రొయ్యకి నాకూ ఏ వాసనా తెలియలేదు.

ఉడికించి మూత తీసినప్పుడు, మొదటి ఆవిరిలో డీజిల్ వచ్చింది. బంకు దగ్గర వచ్చేటంత ఘాటు లేదు. లారీ వెళ్లిపోయాక వీధిలో మిగిలేపాటి. రెండు ఊపిర్లలో పోయింది. వీపు తిప్పుకుని ‘డీజిల్’ అని రాశాను. ట్రాలర్ అడుగున ఐసు గదిలోకి కాస్త నూనె చేరితే ఇలా జరుగుతుందని రహీం సాహెబ్ గారు చెప్పి ఉన్నారు.

ప్రసాదరావు గారు అప్పటికే పాస్ అన్నారు. సత్యం పాస్ అన్నాడు. నా కాగితం చూసి ఆయన పెద్దగా నవ్వారు. “కిటికీ తీస్తే డీజిల్, రోడ్డెక్కితే డీజిల్. ఉన్నది హార్బర్ పక్కన. మీ చీరకే పట్టి ఉంటుందమ్మా.”

అది సబబైన ప్రశ్నే. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. తమ మీదున్న వాసనని సరుకు మీద వేస్తారు. లేకపోతే, రోజూ పీల్చే వాసన కాబట్టి సరుకులో ఉన్నా కనిపెట్టలేరు. నాది మొదటి రకం కాకూడదని, చేతులు మోచేతుల దాకా నీళ్లతో కడుక్కుని, ఉతికిన కోటు వేసుకుని, మేడమెట్ల మీద కాసేపు కూచుని వచ్చాను. ఇంకో ట్రాలర్ రొయ్యలు, ఈ రొయ్యలు వేరువేరు గిన్నెల్లో ఉడికించమన్నాను. డీజిల్ నా మీదుంటే రెండింట్లోనూ రావాలి. ఒక్కదాంట్లోనే వచ్చింది.

ఇప్పుడు ఆయన నవ్వలేదు. మా గది నియమం ఏమిటంటే, ముగ్గురిలో ఇద్దరు పాస్ అంటే సరుకు వెళ్లొచ్చు. కానీ ఎవరో ఒకరు డీజిల్ అని రాసినా సరే, వలిచే షెడ్డూ ట్యాంకులూ కడిగించి చూసేదాకా కొత్త సరుకు దించకూడదు. అంటే మూడు రోజులు షెడ్డు మూత. షెడ్డులో పనిచేసేది జాలరిపేట ఆడవాళ్లు. పని ఉంటేనే వాళ్లకి కూలి.

ఆయన తలుపు వేసి నెమ్మదిగా చెప్పారు. మీరు పాస్ అనొద్దు, కాదని కూడా అనొద్దు. మీ గడి ఖాళీగా వదిలేయండి, ఆ రోజు సెలవులో ఉన్నట్టు. నేను గదిలోనే ఉన్నాను కదండీ అన్నాను. ఆయన, “ఈ గదిలో ఇకముందు ఉండాలో వద్దో కూడా ఆలోచించుకోండి” అన్నారు.

ఆలోచించుకున్నాను. ఆ గది పోతే నాకు మిగిలేది ఏదో ఒక గుమస్తా పని. ఈ ఊళ్లో ఇంకెక్కడా ఆడదానికి ఇలాంటి కుర్చీ లేదప్పుడు. రాసిన కాగితం వెనక్కి తీసుకోలేదు.

మూడో విడత

సంగతి షెడ్డుకి ఎలా చేరిందో నాకు తెలుసు కానీ రాయను. మధ్యాహ్నం పోలమ్మ వచ్చి పరీక్ష గది గుమ్మంలో నిలబడింది. వలిచే ఆడవాళ్లకి ఆమె పెద్ద. చేతులకి ఇంకా తొడుగులున్నాయి. వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు.

“ఏటమ్మగోరూ, మల్లా నీ ముక్కు అడ్డమెట్టీసినావంట?”

“నాకు డీజిల్ వాసన వచ్చింది పోలమ్మా.”

“మాకు రానేదు. ఇంతమందిమి ఒలిసినాం, ఒక్కలికి రానేదు. మూడ్రోజులు సెడ్డు మూసీత్తే మా పొయ్యిలు నీ ముక్కుతో ఎలిగించుకోమంటావేటి?”

వెనక ఆడవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. వాళ్ల మాటలో నిజం ఉంది. పడవల మధ్య పుట్టి పెరిగినవాళ్లకి ఆ వాసన గాలిలాంటిది. వాళ్లకి రాలేదన్నది నిజం. నాకు వచ్చిందన్నదీ నిజం. రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

ప్రసాదరావు గారికి అప్పుడో ఆలోచన వచ్చింది. అందరి ముందూ పరీక్ష పెడదామన్నారు. మూడు పళ్లాలు. రెండింట్లో ఒకే సరుకు, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో నేను చెప్పాలి. ఆయనా సత్యమూ తెర వెనక సర్ది తెస్తారు. అలా మూడు విడతలు. మూడింట్లోనూ సరిగ్గా చెబితే ఆయనే సరుకు ఆపేస్తారు. ఒక్కటి తప్పినా నేను డీజిల్ అన్న మాట కొట్టేయాలి.

“రెండు విడతలు చేస్తాను సార్” అన్నాను. “నూనె వాసనకి నా ముక్కు ఒక పూటలో రెండుసార్లే పనిచేస్తుంది. మూడోది రేపు పొద్దున పెట్టండి.”

“ఓడ ఈ సాయంత్రమే కదమ్మా.”

“అయితే రెండే.”

చూద్దాం లెండి అన్నారు. మొదటి విడత తెచ్చారు. మోచేయి, పళ్లెం, మోచేయి, పళ్లెం, మోచేయి, పళ్లెం. ఎడమ చివరిది అన్నాను. సత్యం తెర వెనక్కి చూసి తల ఊపాడు. రెండో విడత. మధ్యది అన్నాను. మళ్లీ తల ఊపాడు. గుమ్మంలో నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు మూడో విడత తెచ్చి నా ముందు పెట్టారు. ఆవిరి వస్తూనే ఉంది.

ఆ క్షణంలో నా లెక్క నాకు స్పష్టంగా తెలుసు. రెండు విడతలూ గుడ్డిగా కుదిరే అవకాశం తొమ్మిదింట ఒకటి. అది కొట్టిపారేసేంత చిన్నది కాదు. మూడోది కూడా కుదిరితే ఇరవై ఏడింట ఒకటి. అప్పుడు ఎవరూ నోరెత్తలేరు. సరుకు ఆగుతుంది, నా కుర్చీ ఉంటుంది. నేను వేలు పెట్టినా మూడింట ఒక వంతు తగిలే వీలుంది. నా ముక్కులో మాత్రం అప్పటికే డీజిల్ తప్ప ఇంకేమీ లేదు. మోచేతి మడత కూడా డీజిల్ వాసనే వస్తోంది. నా సున్నా పోయింది.

పళ్లాలు పక్కకి జరిపాను. “ఇది నేను చూడను సార్.”

“భయమా?” అన్నారు ఆయన.

“చూస్తే చెప్పేది నా ముక్కు కాదు, నా అదృష్టం. దానికి నేను సంతకం పెట్టను.”

“అయితే ఓడిపోయినట్టే కదా. డీజిల్ మాట కొట్టేయండి.”

“రెండు విడతలని ముందే చెప్పాను. రెండూ చెప్పాను. రాసింది కొట్టేయను.”

ఎవరేమనుకున్నారో నాకు ఆ గదిలోనే వినిపించింది. మూడోదానికి దొరికిపోతానని తప్పించుకున్నానన్నారు. ఆయన, సత్యం పాస్ అని సంతకాలు పెట్టారు. సరుకు ఆ సాయంత్రం ఓడెక్కింది. కాగితం మీద నా గడిలో ‘డీజిల్’ అలాగే ఉంది కాబట్టి నియమం ప్రకారం షెడ్డు మూసి మూడు రోజులు కడిగారు. ఏమీ దొరకలేదు. నూనె ట్రాలర్‌లో ఉంటే షెడ్డులో దొరకదు కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆ మూడు రోజులు ఆడవాళ్లకి పని పోయింది నా మాట వల్లే. అది వాళ్లకి ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసీ రాశాను. ఈ సంగతిలో నన్ను మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ఎవరికీ ఖర్చు కాకుండా మాట మీద నిలబడటం కుదురుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

షెడ్డు తెరిచిన రోజు పోలమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

“మూడోపాలి సూసీత్తే పోయేది గదా. తగిల్తే నువ్వు గెలిసీదానివి. తగలకపోతే మాం గెలిసీవోళ్లం. ఎవులో ఒకలు గెలిసేద్దుం. ఇప్పుడు సూడు, అందరం ఓడిపోనాం.”

నాకు తెలియనిది తెలిసినట్టు ఎలా చెప్పను పోలమ్మా అన్నాను.

“సెప్పీడమే. లోకంలో అందరూ సెప్తన్నారు” అంది. తల అటూ ఇటూ ఊపుకుంటూ వెళ్లిపోయింది. తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

ఐసు ప్లాంటు

మరుసటి వారం నన్ను ఐసు ప్లాంటుకి మార్చారు. ఐసు దిమ్మలు ఎన్ని లోపలికొచ్చాయి, ఎన్ని బయటికెళ్లాయి అని చూసే పని. ఐసుకి వాసన ఉండదు. అక్కడ ఏడాది దాటి ఉన్నాను.

పిల్లలు ఈ భాగం వినడానికి ఇష్టపడరు. ఏదో ఒకటి జరిగి నా మాట నిజమైందని చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటిదేమీ జరగలేదు. ఆ సరుకు మీద కొన్నవాళ్ల దగ్గర్నించి ఒక్క ఫిర్యాదు రాలేదు. రాలేదన్న సంగతి నాకు పని కట్టుకుని మరీ చెప్పారు. ఫిర్యాదు రాకపోవడానికి ఎన్నో కారణాలుంటాయి. సరుకులో నిజంగా ఏమీ లేకపోవడం కూడా వాటిలో ఒకటి. ఆ కారణాన్ని నేను ఎప్పుడూ కొట్టేయలేదు. ఐసు దిమ్మల మధ్య కూచుని దాన్ని చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. ప్రతిసారీ ఒకే చోటికి వచ్చేదాన్ని. ఆ ఆవిరిలో నాకు వాసన వచ్చింది. వచ్చిందని రాశాను. మూడోసారి ముక్కు పనిచేయదని తెలిసి చూడలేదు. ఈ మూడింట్లో దేన్ని మార్చమంటారు?

నెలకోసారి ముక్కు పరీక్ష మాత్రం మానలేదు. ఎవరూ అడగకపోయినా, ఇంట్లో మా అత్తగారి చేత గిన్నెలు మార్పించి చేసుకునేదాన్ని. ఆవిడ విసుక్కుంటూనే మార్చేవారు. నేను తప్పు చెప్పిన రోజు మాత్రం చాలా సంతోషించేవారు.

సత్యం గుజరాత్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. పరీక్ష గదికి మనిషి లేక నన్ను మళ్లీ పిలిచారు. గౌరవంతో పిలవలేదు, గతిలేక పిలిచారు. వెళ్లాను. మొదటి రోజే వీపు తిప్పుకుని రాసే పద్ధతి ఉంటేనే కూచుంటానన్నాను. ప్రసాదరావు గారు విసుగ్గానే ఒప్పుకున్నారు.

1984లో ఆయన వేరే కంపెనీకి వెళ్లేటప్పుడు అందరికీ టీ ఇచ్చారు. కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చి నవ్వుతూ అడిగారు. “ఫిర్యాదు రాలేదు కదండీ. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?”

“రాలేదు సార్. ఆ గిన్నె మళ్లీ నా ముందు పెట్టి మూత తీస్తే మళ్లీ అదే రాస్తాను.”

“మీది మొండితనం” అన్నారు.

“మీకలా కనిపిస్తుంది” అన్నాను. టీ చల్లారిపోతోందని ఆయనకి గుర్తు చేశాను.

తగ్గింది

1987 చలికాలంలో నాకు పెద్ద జలుబు చేసింది. తగ్గింది కానీ, నెల పరీక్షలో పలచటి గిన్నె ఒకటి తప్పాను. మరుసటి నెల రెండు తప్పాను. మూడో నెలా అంతే. గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికి నాకున్న పేరు ఎలాంటిదంటే, నేను రాసింది చూసి మిగతా ఇద్దరూ తమది దిద్దుకునే స్థితి వచ్చింది. రహీం సాహెబ్ గారు ఉంటే ఆ రోజే నన్ను లేపేసేవారు. ఆయన లేరు కాబట్టి నేనే లేచాను.

అప్పటి మేనేజరు నమ్మలేదు. నేను చెబితే నన్ను కూచోబెట్టి కాఫీ తెప్పించారు. “మీ సంతకం చూస్తే కొనేవాళ్లు ఇంకో ప్రశ్న అడగరండీ. వాసన కొత్తపిల్లలు చూస్తారు. మీరు సంతకం పెట్టండి చాలు.”

“నాకు రాని వాసనకి నేను పెట్టను” అన్నాను. కాఫీ మాత్రం తాగాను. పదహారేళ్ల తర్వాత పనివేళల్లో తాగిన మొదటి కాఫీ అది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్తవాళ్లకి పని నేర్పాను. ఆరు పళ్లాలతోనే మొదలుపెట్టేదాన్ని, ఒకే పెట్టెలోవి.

పరీక్ష గది వదిలిన రోజు పోలమ్మ షెడ్డు గుమ్మంలో కూచుని ఆకు నములుతోంది. నన్ను చూసి, “అయితే నీ ముక్కు పోయినాదని నువ్వే ఎల్లి సెప్పీసినావా?” అంది.

“చెప్పాను.”

“ఎవులూ కనిపెట్టనేదంట గదా?”

“లేదు.”

కాసేపు నమిలి పక్కకి ఉమ్మింది. “ఏం మనిసివమ్మా నువ్వు. ఇంకేటి, పువ్వులెట్టుకో.”

మాకు అప్పటికి మావారి ఉద్యోగం మీద కూర్మన్నపాలెం దగ్గర స్టీల్ ప్లాంటు క్వార్టరు వచ్చింది. బస్సు మారడానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, అక్కడ బుట్ట పెట్టుకున్న ఆవిడ దగ్గర మల్లెపూలు కొని అక్కడే జడలో పెట్టుకున్నాను. ఇంటికెళ్లేసరికి మా అత్తగారు అరుగు మీద ఉన్నారు. చూపు మందగించి దగ్గరికొస్తే తప్ప మనిషిని పోల్చేవారు కాదు. నేను ఇంకా మెట్టెక్కలేదు.

“ఎవులే మల్లెపూలెట్టుకొచ్చింది?”

“నేనే అత్తయ్యగారూ.”

ఆవిడ చెయ్యి చాచి నా జడ తడిమారు. కొసదాకా తడిమి, ఒక పువ్వు తెంపి నా చేతిలో పెట్టారు. “ఎలాగుందే వాసన? ఇన్నేళ్లకి.”

బాగుందంటే ఆవిడ సంతోషించేవారు. నేను మోచేతి మడతలో రెండుసార్లు ఊపిరి పీల్చుకుని పువ్వు వాసన చూశాను.

“తగ్గిందండీ” అన్నాను. “ఉంది కానీ, తగ్గింది.”